కొత్తపేట ల్యాబ్ డేటాను పోస్ట్‌గ్రెస్‌కి మార్చిన నా అనుభవం

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల పక్కనే నడిచే ఒక రక్తపరీక్షల ల్యాబ్ కోసం ఈ మధ్య ఒక పని చేశాను. పేషెంట్ల రికార్డులన్నిటినీ పాత సాఫ్ట్‌వేర్ నుంచి బయటికి తెచ్చి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో పెట్టడం. డేటాబేస్‌లు చూసుకోవడమే నా ఉద్యోగం. కానీ ఆఫీసులో నేను చూసే డేటా వరుసల వెనక మనుషులు నాకు కనపడరు. ఇక్కడ పొద్దున్నే పరగడుపున బెంచీ మీద కూర్చున్న మనిషి పేరే మధ్యాహ్నానికి నా స్క్రీన్ మీద కనపడేది.

పాత సాఫ్ట్‌వేర్ కింద ఉన్నది మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేసే. పాస్‌వర్డ్ మాత్రం దాన్ని అమ్మిన కంపెనీ దగ్గర ఉంది. ఏటా మెయింటెనెన్స్ ఫీజు పెంచుతూ పోయారు. డేటా ఇమ్మంటే "అది మా ఫార్మాట్ సార్, బయటికివ్వం" అన్నారు. నాకు నిజంగా కోపం వచ్చింది. రక్తం ఇచ్చింది పేషెంటు, పరీక్ష చేసింది ల్యాబు. మధ్యలో తాళం వీళ్ల చేతిలో ఎందుకుండాలి? ల్యాబ్ నడిపే డాక్టర్ గారు లెటర్‌హెడ్ మీద రాసి, కట్టిన బిల్లులన్నీ జతచేసి పంపాక ఒక డంప్ ఫైలు, అంటే డేటా మొత్తం దింపిన ఫైలు, ఇచ్చారు.

"మళ్లీ మైఎస్‌క్యూఎల్‌లోనే పెట్టొచ్చు కదా?" అని డాక్టర్ గారు అడిగారు. పెట్టొచ్చు, అదీ ఎవరైనా కోడ్ చూసి వాడుకోగలిగే ఓపెన్ సోర్సే. కాకపోతే 2010లో సన్ కంపెనీతో పాటు అది ఒరాకిల్ కంపెనీ చేతికి వెళ్లింది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన మాంటీ వైడెనియస్ అప్పటికే మరియాడీబీ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలైన పోస్ట్‌గ్రెస్‌కి యజమాని అనదగ్గ కంపెనీ ఏదీ లేదు. పైగా 2016లో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి, ఏ యూజర్ ఏ వరుసలు చూడొచ్చో డేటాబేస్‌లోనే కట్టడి చేసే సౌకర్యం ఉంది. నాకు కావలసింది అదే.

మార్చడానికి పీజీలోడర్ వాడాను, వేరే డేటాబేస్‌ల నుంచి పోస్ట్‌గ్రెస్‌లోకి డేటా ఎక్కించే ప్రోగ్రామ్ అది. పుట్టిన తేదీ తెలియని చోటల్లా పాత సాఫ్ట్‌వేర్ సున్నాలు నింపి పెట్టింది. పోస్ట్‌గ్రెస్ అలాంటి తేదీని ఒప్పుకోదు, పీజీలోడర్ వాటిని ఖాళీ చేసి ఇచ్చింది. ఇలాంటివి తొందరగానే తేలిపోయాయి.

తేలనిది పేర్ల సంగతి. లక్ష్మి అనే పేరును కౌంటర్లో ఒకరు కేఎస్‌హెచ్‌తో కొడతారు, ఇంకొకరు ఎక్స్‌తో కొడతారు. ఒకే మనిషికి రెండు మూడు రికార్డులు. దగ్గరగా ఉన్న పేర్లను పట్టిచ్చే ఎక్స్‌టెన్షన్ (అదనంగా తగిలించుకునే భాగం) పోస్ట్‌గ్రెస్‌లో ఉంది, పేరు పీజీ టీఆర్‌జీఎం. పేరు దగ్గరగా ఉండి, ఫోన్ నంబరు ఒకటే అయితే కలిపేయొచ్చు అనిపిస్తుంది. కానీ మన ఇళ్లలో ఒక ఫోన్ నంబరు ఇంటిల్లిపాదిదీ. అత్త పేరు విజయలక్ష్మి, కోడలి పేరు జయలక్ష్మి, నంబరు మామగారిది. ఆ రెండు రికార్డులూ కలిస్తే ఒకరి షుగర్ ఇంకొకరి చరిత్రలోకి ఎక్కుతుంది. అందుకే ఏ జంటనూ ప్రోగ్రామ్ చేత కలిపించలేదు. కౌంటర్లో చాలాకాలంగా పనిచేస్తున్న అక్క పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ ఆవిడ అవునంటేనే కలిపాను.

అప్పుడే ఇంకో విషయం బయటపడింది. రిపోర్టులు వాట్సాప్‌లో వెళ్లేది ఆ ఇంటి నంబరుకే. కూతురి ప్రెగ్నెన్సీ టెస్టు రిపోర్టు తండ్రి ఫోన్‌కి పోతుంది. అది చూసినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టలేదు. డాక్టర్ గారితో మాట్లాడి, "రిపోర్టు ఎవరికి, ఎలా ఇవ్వమంటారు?" అని ప్రతి ఒక్కరినీ అడిగి నమోదు చేసేలా మార్పించాను. చెప్పకపోతే కాగితం మీద చేతికే ఇస్తారు. హెచ్ఐవీ ఫలితాలను వేరే టేబుల్‌లోకి తీసి, కౌంటర్ లాగిన్‌కి అందకుండా చేశాను. ఆ సమాచారాన్ని గోప్యంగా కాపాడాలని 2017 నాటి హెచ్ఐవీ చట్టమే చెబుతోంది.

రిపోర్టు స్క్రీన్లు రాసే కుర్రాడు విజయవాడలో ఉంటాడు. టెస్టింగ్‌కి డేటా అడిగాడు. "పేర్లు తీసేసి పంపు చాలన్నా" అన్నాడు. పేర్లు తీసి చూశాను. ఒక చిన్న పల్లె, నలభై దాటని ఆడమనిషి, నెలనెలా కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష. ఆ ఊరివాళ్లకి ఇంకేం చెప్పాలి? అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లోనే దీన్ని లెక్కగట్టి చూపించారు. జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది), పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే అక్కడి జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టే వీలుందని తేల్చారు. మన పల్లెల్లో అన్ని వివరాలు కూడా అక్కర్లేదు. కుర్రాడికి మొత్తం కల్పించిన డేటానే తయారుచేసి పంపాను. పని ఏమీ ఆగలేదు.

ఆధార్ నంబర్ల కాలమ్ దగ్గర కౌంటర్ వాళ్లతో కాస్త వాదన జరిగింది. "అన్నిచోట్లా తీసుకుంటున్నారు కదండీ" అన్నారు. థైరాయిడ్ పరీక్షకి ఆధార్ ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. డాక్టర్ గారు వెంటనే తీసేయమన్నారు. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ తొలగిస్తే కంటికి కనపడదు గానీ, టేబుల్‌ని మళ్లీ రాసేదాకా పాత విలువలు డిస్కు మీద మిగిలే ఉంటాయి. అందుకని ఆ కాలమ్‌ని అసలు లోడ్ చేయనేలేదు. స్కాన్ చేసిన ఆధార్ కాపీల ఫోల్డర్‌నీ తుడిచేశాం. ఇప్పుడు డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం చెవి లేనిదే చదవలేని రూపంలో, ఉంటుంది. రోజువారీ బ్యాకప్‌ని గ్నూపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌తో తాళం వేసి బయట పెడుతున్నాం, ఆ తాళం చెవి డాక్టర్ గారి దగ్గర ఉంది.

మిగిలింది పాత కంపెనీ దగ్గర ఉన్న కాపీ. మన తరఫున డేటా చూసే సంస్థ చేత కూడా తుడిపించే బాధ్యత మనదేనని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. తుడిచేశామని రాతపూర్వకంగా ఇవ్వమంటూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపించాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే వారం డాక్టర్ గారి లాయరు ఇంకో ఉత్తరం పంపుతున్నారు.