ముక్కనుమ మర్నాడు రందా మెషీన్ మీద తుప్పు

సంక్రాంతికి మా వడ్రంగి షాపు మూసే ముందు, చెక్క నునుపు చేసే రందా మెషీన్ మీద కొత్త నీలం టార్పాలిన్ కప్పి, చుట్టూ తాడు బిగించి మరీ వెళ్లాను. పొరపాటున కూడా చుక్క తడి తగలకూడదని నా జాగ్రత్త. ముక్కనుమ మర్నాడు వచ్చి తాడు విప్పితే టార్పాలిన్ లోపలి వైపు నీటి చుక్కలు వేలాడుతున్నాయి. కింద బీడు (పోత ఇనుము) టేబుల్ అంతా గోధుమ రంగు. వేలితో రాస్తే పసుపు అంటినట్టు అంటింది. ఒక్క వాన పడలేదు ఆ నాలుగు రోజుల్లో.

మాది భీమిలి. షాపు నుంచి సముద్రం కిలోమీటరు కూడా ఉండదు. మెషీన్ నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, పంజాబ్‌లోని బటాలాలో పోత పోసిన 12 అంగుళాల సర్ఫేస్ ప్లేనర్. మోటారు రెండుసార్లు మార్చాం గానీ టేబుల్ మాత్రం ఇప్పటికీ అద్దంలా సమంగా ఉంటుంది. అందుకే గుండె ఆగినంత పనైంది.

మా మేస్త్రి టార్పాలిన్ ఎత్తి చూసి, "తడి పైనుంచి వచ్చిందనుకుంటన్నారేటి బాబూ? నేల్లోంచి వచ్చీసింది. గోనె కప్పుంటే సరిపోను గదా" అన్నాడు.

ఆయన మాట నిజమే. మా షాపు నేల సగం మట్టే. ఆ తడి ఆవిరై పైకొచ్చి, పోయే దారి లేక టార్పాలిన్ కిందే తిరిగింది. పైగా బీడుది మందమైన ఒళ్లు. రాత్రి చలికి చల్లబడితే పొద్దెక్కినా తొందరగా వేడెక్కదు. తలుపు తీయగానే సముద్రపు గాలి తగిలి ఆ చల్లటి ఇనుము మీద, ఐస్ వాటర్ గ్లాసుకి పట్టినట్టు చెమట పడుతుంది. గాలిలో ఉప్పు కూడా ఉంటే ఆ చెమట ఆరనే ఆరదు. వానాకాలం కంటే మంచు నెలల్లోనే నాకు ఎక్కువ టెన్షన్ ఇప్పుడు.

భోజనం క్యారేజీ తెచ్చిన అమ్మ, "చింతపండు పెట్టి తోమితే ఇత్తడి బిందె తళతళలాడదూ, దీనికేం రోగం?" అంది. ఓ మూల అరచేతి మేర తోమి చూశాం. తుప్పు పోయిన మాట నిజం, కానీ ఇనుము పలక రంగుకి తిరిగింది. నీళ్లతో కడిగి, గుడ్డ వెతికి తెచ్చేలోపే మళ్లీ లేత నారింజ రంగు మొదలైంది. పులుపు పెట్టి కడిగితే ఇనుముకి అంత ఒళ్లు మండుతుందన్నమాట. అమ్మ మాత్రం చింతపండు పాతదని ఇప్పటికీ అంటుంది.

మోటారు మెకానిక్ గ్రైండర్ పెట్టి పది నిమిషాల్లో లేపేస్తానన్నాడు. దండం పెట్టి పంపేశాను. గ్రైండర్ ఒక చోట పల్లం చేసిందంటే ఆ టేబుల్ మీద చిత్రిక పట్టిన ఏ బద్దా తిన్నగా రాదు. కిరసనాయిలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది, డీజిల్ పోసి నానబెట్టి, 400 నంబరు ఎమరీ కాగితం చెక్క దిమ్మకి చుట్టి, నిలువునా ఒకే దిక్కులో రుద్దాం. పూట పట్టింది.

రెండు గుర్తులు మాత్రం ఉండిపోయాయి. ఒకటి నల్లతుమ్మ బద్ద వదిలేసిన చోట పడిన సిరా రంగు చార. తుమ్మలో వగరు ఎక్కువ, పచ్చి చెక్క ఇనుముకి తగిలితే వెనకటి సిరాలో కలిసే రంగే పుడుతుంది. రెండోది నాదే. టార్పాలిన్ కప్పే ముందు టేబుల్ మీద ఆనుకున్న చెయ్యి: మూడు వేళ్లు, బొటనవేలు, చెమట ఉప్పుతో సహా అచ్చుగుద్దినట్టు.

అప్పట్నుంచి మైనం వాడుతున్నాను. నూనె రాస్తే దాని మీద పొట్టు పేరుకుని ముద్దవుతుంది, ఆ ముద్ద తడి పీల్చి రాత్రంతా అట్టే పెట్టుకుంటుంది. సిలికాన్ స్ప్రే జోలికి వెళ్లను, అది చెక్కకంటితే పాలిష్ చేపకళ్లలా గుంటలు పడుతుంది. ఆయుర్వేద సరుకుల కొట్లో తేనె మైనం తెచ్చి, వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి కరిగించి, పొయ్యి ఆర్పేశాకే మూడు వంతుల టర్పెంటైన్ కలుపుతాను. మంట దగ్గర కలిపితే మైనం కాదు, షాపే కరిగిపోతుంది. చల్లారాక పల్చగా రాసి, పావుగంట ఆగి, తెల్లగా మసకేశాక నాన్న పాత పంచె ముక్కతో తుడుస్తాను. చెక్క కూడా జారిపోతుంది టేబుల్ మీద. నెలకోసారి, మంచు నెలల్లో రెండుసార్లు.

సాయంత్రం పొట్టు ఊడ్చకుండా ఎవరూ ఇంటికి వెళ్లరు. కప్పడానికి పాత బొంత. చలికాలం రాత్రుళ్లు టేబుల్ కింద ఖాళీలో 40 వాట్ల గుండు బల్బు వెలుగుతుంది, ఇనుము చల్లబడిపోకుండా. ఎల్‌ఈడీ బల్బు వేడి చాలదు. చుట్టూ ఇనప జాలీ కట్టాను. కింద పిడికెడు పొట్టు ఉన్నా ఆ రాత్రి బల్బు వేయను. గుండు బల్బుల కోసం మొన్న విశాఖ పూర్ణా మార్కెట్‌లో మూడు కొట్లు తిరిగాను. దొరికిన నాలుగూ కొనేశాను.