సానరాయిని ఆరబెట్టడం: నా అనుభవం

మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. వడియాలు తిరగేద్దామని దాబా ఎక్కితే, వాటి పక్కనే పెట్టిన నా సానరాయి రెండు ముక్కలై ఉంది. కొని పదిహేను రోజులు కూడా కాలేదు. కింద పడలేదు, కోతులు ముట్టలేదు. పెట్టిన చోట పెట్టినట్టే ఉండి మధ్యలో అడ్డంగా పగిలింది.

మాది నల్లగొండలో చిన్న కర్రీ పాయింట్. నేను, మా ఆవిడ, పొద్దున సాయానికి వచ్చే ఒకామె. రోజుకు 15 నుంచి 20 కిలోల కూరగాయలు తరగాలి. కందగడ్డ, గుమ్మడికాయ ఉన్న రోజు కత్తి మొండిదైతే మణికట్టు పట్టేస్తుంది. టమాట అయితే తెగదు, నలుగుతుంది. ఇదివరకు సైకిల్‌కు చక్రం బిగించుకుని సాన పట్టే అతను నెలకోసారి మా గల్లీలోకి వచ్చేవాడు. ఇప్పుడు ఎప్పుడొస్తాడో తెలియదు. కరెంటు చక్రం మీద పట్టిస్తే నిప్పురవ్వలు లేచి, అంచు నీలం రంగు తిరిగి, వారం తిరక్కుండానే పదును పోతోంది. ఉక్కు అంతగా కాలితే దాని గట్టిదనం పోతుందట.

హైదరాబాద్‌లో ఒక హోటల్ వంటింట్లో పనిచేసే మా మేనల్లుడు, "మామా, నీళ్ల రాయి కొనుక్కో, నేను నేర్పిస్త" అన్నాడు. అలా వచ్చింది ఆ రాయి. ఒకవైపు 1000 నంబరు, ఇంకోవైపు 6000. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 1000 మీద పదును ఎక్కించి, 6000 మీద నునుపు చేసుకోవాలి. నూరడం రెండు వారాల్లో చేతికి వచ్చింది, దాని గురించి ఇక్కడ రాయను. నన్ను తిప్పలు పెట్టింది నూరిన తర్వాత ఆ తడి రాయిని ఏం చేయాలన్నది.

ఈ రాయి నీళ్లు తాగుతుంది. గిన్నెలో వేస్తే బుడబుడమని బుడగలు వస్తాయి. పది, పదిహేను నిమిషాలకు అవి ఆగిపోతే కడుపు నిండినట్టు. తడిసింది కాబట్టి ఎండలో పెట్టాలి, మాకు ఎండకేం తక్కువ అనుకున్నాను. నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే, దాబా గచ్చు మీద అయితే అరికాలు మోపలేం. రాయి పైభాగం గంటలో ఎండిపోయి ఉంటుంది, లోపల మాత్రం తడి అట్లాగే ఉంది. పైన ఒక తీరు, లోపల ఒక తీరు అయ్యేసరికి అది తట్టుకోలేకపోయింది. పైగా అది రెండు రకాల రాళ్లను అతికించి చేసింది. ఒకటి నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఒకటి తక్కువ.

ముక్కలు పట్టుకుని కిందికి దిగితే అమ్మ చూసింది. అమ్మ పుట్టిల్లు దేవరకొండ దగ్గర, వాళ్ల ఇంటి వెనకాలే కుమ్మరివాడ. "పచ్చికుండను ఎవరన్న ఎండల పెడ్తరా కొడకా? నీడకు పెడ్తరు. వడియాలను ఎండవెడ్తరు, కుండను ఆరవెడ్తరు" అన్నది. రోజూ వాడే మాటలే. ఎండబెట్టడం, ఆరబెట్టడం ఒకటి కాదని నలభై ఆరేళ్లకు, పద్దెనిమిది వందల రూపాయలు పోయాక తెలిసింది.

మళ్లీ అలాంటిదే ఇంకో రాయి తెప్పించాను. అప్పటికి వానలు పడుతున్నాయి. ఎండ భయం లేదు కదా అని, నూరాక గుడ్డతో తుడిచి, దాని ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి మూత వేశాను. పని ఒత్తిడిలో పది రోజులు దాన్ని తీయలేదు. తీస్తే మూత లోపల నీటి బొట్లు, రాయి మీద నల్లని బూజు మచ్చలు, ముక్కిపోయిన గోనెసంచి వాసన. మచ్చల్లో కొన్ని బూజు కాదు, తుప్పు. నూరినప్పుడు కత్తి నుంచి రాలిన ఉక్కు పొడి, రాయి అరిగి వచ్చే బురదలో, అంటే గసిలో కలిసి ఉంటుంది. దాన్ని కడగకుండా వదిలేస్తే తడికి తుప్పు పడుతుంది. బ్రష్‌తో రుద్ది కడిగితే బూజు పోయింది, తుప్పు మచ్చ రెండు చోట్ల అట్లాగే ఉండిపోయింది. పనికి అడ్డం లేదు, చూడ్డానికే బాగాలేదు.

ఆరబెట్టడమే ఇంత గోలైతే అసలు ఆరనివ్వకపోతే ఏం అనిపించింది. మేనల్లుడి హోటల్లో రాయి ఎప్పుడూ నీళ్ల తొట్టిలోనే ఉంటుందని విన్నాను. నేనూ పెరట్లో ఒక బకెట్ పెట్టాను. వారం గడిచేసరికి అందులో దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతున్నాయి. డెంగీ రోజులు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య సిబ్బంది వచ్చి బకెట్ బోర్లించి మా ఆవిడకు క్లాసు పీకి వెళ్లారు. ఆ తర్వాత మా ఆవిడ నాకు పీకిన దానితో పోలిస్తే అదేమంత లెక్కలోది కాదు.

దోమల సంగతి అలా ఉంచితే రాయి కూడా దెబ్బతింది. 6000 వైపు గోటితో గీస్తే గీత పడుతోంది, తడిసిన సబ్బు లాగా. ఫోన్ చేస్తే మేనల్లుడు నెత్తి కొట్టుకున్నాడు. "మామా, మా హోటల్ రాయి వేరు, నీ రాయి వేరు. నీ దాంట్ల 1000 వైపే నానాలె, 6000 మీద నీళ్లు చల్లుకుంటె చాలు."

అప్పుడు వివరంగా చెప్పించుకున్నాను. ఈ రాళ్లన్నిట్లో అరగదీసే పొడి ఇంచుమించు ఒకలాంటిదే, దాన్ని పట్టి ఉంచే బంధకంలోనే తేడా. కొన్నిటిని ఇటుకను కాల్చినట్టు బట్టీలో కాలుస్తారు. అవి నెలల తరబడి నీళ్లలో ఉన్నా ఏమీ కావు. కొన్నిటిని రెసిన్‌తో పట్టిస్తారు, అవి ఎక్కువసేపు నానితే మెత్తబడతాయి. ఇంకొన్నిటికి మెగ్నీషియాతో చేసిన సిమెంటు లాంటి బంధకం. వాటిని రోజుల తరబడి నానబెడితే బంధకం బలం పోయి, ఆ తర్వాత ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. ఏది ఏ రకమో చూపుకు తెలియదు. డబ్బాలోని కాగితం మీద నానబెట్టమని ఉందా, నీళ్లు చల్లమని ఉందా చూడాలి. ఏమీ రాసి లేకపోతే నేనైతే నానబెట్టను. నా రాయి నాలుగు రోజులు నీడన ఆరాక మళ్లీ గట్టిపడింది గానీ, పై పొర ఒక గీటు అరగదీయాల్సి వచ్చింది.

రాయి ఆరిందో లేదో తెలుసుకోవడం ఎలా అన్నది అసలు చిక్కు. చేత్తో ముడితే పొద్దుటికే పొడిగా ఉంటుంది, లోపల ఉండదు. నాకు దారి చూపింది మా కూరలు తూచే కాంటా. బాగా ఆరి ఉన్నప్పుడు తూచాను: 640 గ్రాములు. ఆ అంకె పెన్సిల్‌తో రాయి పక్కకే రాసిపెట్టాను. నానబెట్టి నూరాక తూస్తే 715. అంటే 75 గ్రాముల నీళ్లు లోపల ఉన్నాయన్నమాట. నీడన నిలబెడితే మర్నాడు పొద్దున 675, సాయంత్రానికి 650, మూడో రోజు పొద్దున 640. వానాకాలం ముసురు పట్టినప్పుడు ఇదే రాయికి ఐదు రోజులు పట్టింది. బూజు పట్టిన రోజు నేను డబ్బాలో మూత వేసింది ఏ 700 దగ్గరో అయి ఉంటుంది! ఇప్పుడు కాంటా 640 చూపించేదాకా రాయి లోపలికి పోదు. మా ఆవిడకు ఇది పిచ్చిలా కనిపిస్తుంది. "నన్ను ఎన్నడన్న ఇట్ల పట్టించుకున్నవా?" అని అడిగింది ఒకసారి. కాంటా మీద ఎక్కమనలేను కదా, ఊరుకున్నాను.

ఎండ తప్పించాక, మూత తప్పించాక ఇంకొకటి మొదలైంది. ఆరిన రాయి అంచుల వెంట తెల్లగా పొర. దాని మీద నూరితే కత్తి పట్టదు, జారిపోతుంది. పక్కింటాయన చూసి, "నల్లగొండ నీళ్లు గదా, రాయికి కూడ ఫ్లోరైడ్ తాకినట్టుంది" అన్నాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిన నడుములు, మడత పడని మోకాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం, ఆ మాటకు నాకు పూర్తిగా నవ్వు రాలేదు. నిజానికి ఫ్లోరైడ్ కంటికి కనపడేది కాదు. మా జిల్లా పేరుతోనే, పటిక, సున్నం వేసి నీళ్లలోంచి దాన్ని తీసే 'నల్గొండ టెక్నిక్' అనే పద్ధతి ఉంది. ఈ తెలుపు వేరు, బోరు నీళ్ల కాఠిన్యం, కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బకెట్ అంచున, గీజర్ లోపల పేరుకునేది అదే. రాయి ఆరేటప్పుడు నీళ్లు లోపలి నుంచి పైకి వచ్చి ఆవిరైపోతాయి, ఉప్పులు పైనే మిగిలి రాతి రంధ్రాలు పూడ్చేస్తాయి.

నిమ్మకాయ రుద్దితే పోతుందని ఒకరు చెప్పారు. బంధకం ఏదో ఖాయంగా తెలియని రాయికి పులుపు తగలనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది. ప్రకాశం బజార్‌లో పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 220 నంబరుది కొని, మందపాటి అద్దం ముక్క మీద పరిచి, నీళ్లు పోసి రాయిని దాని మీద రుద్దాను. ముందే రాయి మీద పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా గీతలు గీసుకుంటే ఎక్కడ పల్లం పడిందో తెలుస్తుంది. గీతలన్నీ పోయాయంటే మట్టం వచ్చినట్టు. తెల్లపొరా పోయింది, మధ్యలో పడ్డ పల్లమూ పోయింది. అప్పటి నుంచి బోరు నీళ్లు మానేసి నల్లా నీళ్లలో నానబెడుతున్నాను. చివర ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లు పైనుంచి పోస్తాను, అంతే. పొర మళ్లీ రాలేదు.

ఇప్పుడు నూరడం అయిపోగానే గసి పోయేలా కడిగి, పాత నూలు పంచె ముక్కతో అద్ది, పక్క అంచు మీద నిలబెడతాను. కింద బట్టల క్లిప్పులు రెండు పెడితే అడుగుకు కూడా గాలి తగులుతుంది. మొదట ఇనుప స్టాండ్ మీద పెట్టి ఇంకో తుప్పు గీత తెచ్చుకున్నాను, అందుకే ప్లాస్టిక్ క్లిప్పులు. చోటు విషయంలో కూడా దెబ్బలు తిన్నాను. పొయ్యి దగ్గర వేడి. పడమటి కిటికీలో సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. చల్లగా ఉంటుంది కదా అని కూలర్ ఉన్న గదిలో పెడితే ఆ తేమకు రెండు రోజులైనా 690 దగ్గరే ఆగింది. చివరికి వంటింటి మెట్ల కింద, గాలి ఆడేచోట కుదిరింది. మొదటి రోజు ఫ్యాన్ కిందికి కూడా తేను. 640 చూపించాక అదే పంచె ముక్కలో చుట్టి, నాలుగు వైపులా బెజ్జాలు పొడిచిన డబ్బాలో పెడతాను.

మా దగ్గర కూర తీసుకుపోయే గౌడాయన ఒకరోజు ఈ తతంగమంతా చూసి, "మేము చెక్క మీద పలుగురాయి పొడి చల్లి గీతకత్తి నూరుకుంటం. ఆరేసేది లేదు, తూచేది లేదు" అని నవ్వి పోయాడు.

పగిలిన మొదటి రాయిని పారేయలేదు. చిన్న ముక్కతో ఇప్పుడున్న రాయి మీద గసి లేపుతాను. పెద్ద ముక్క అమ్మ తీసుకుంది, వంపు తిరిగిన కత్తిపీటకు చేతిలో పట్టుకుని రుద్దడానికి అది బాగా అమరింది. వాడాక దాన్ని బియ్యం డబ్బా వెనక గోడకు నిలబెడుతుంది. ఒకసారి చెప్పకుండా తీసి కాంటా మీద పెట్టాను. ఎంత ఉందో చూసేలోపే అమ్మ లాక్కుంది.