ఫ్లోరెన్స్‌లో 463 మెట్లు

ఇటలీకి ఒక్కదాన్నే వచ్చి ఇవాళ్టికి ఆరో రోజు, కాళ్ళు పీకేస్తున్నాయి కానీ రూమ్‌లో కూర్చోబుద్ధి కావట్లేదు. పొద్దున్న ఫ్లోరెన్స్‌లోని పెద్ద చర్చి డోమ్ ఎక్కా, 463 మెట్లు, లిఫ్ట్ లేదు, దారి ఎంత సన్నగా ఉందంటే ముందున్న పెద్దాయన ఆయాసపడి ఆగితే వెనక అందరం ఆగాల్సిందే. 1436లో పూర్తయిందంట అది, బ్రూనెల్లెస్కీ అనే ఆయన కింద నుంచి చెక్క సపోర్ట్ కట్టకుండానే, ఇటుకల్ని చేప ముల్లులా పేర్చుకుంటూ అంత గుమ్మటం లేపేశాడు, అసలెలా వచ్చిందో ఆ ఐడియా! పైకెళ్ళి ఆ ఎర్ర పెంకుల ఇళ్ళు చూసి పిచ్చిదానిలా నవ్వుకున్నా, తెలిసినోళ్ళు ఎవరూ లేరు కదా.

నిన్న మాత్రం చెమటలు పట్టాయి. రీజినల్ ట్రైన్‌కి పేపర్ టికెట్ కొన్నా, ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ మీద మెషిన్‌లో పెట్టి స్టాంప్ వేసుకోవాలని నాకేం తెలుసు? టీసీ ఏదేదో అంటుంటే ఎదురు సీట్లో మామ్మగారు నా తరఫున గట్టిగా వాదించేసింది, ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఫైన్ తప్పింది.

కాఫీ అయితే నిలబడే తాగుతున్నా, కూర్చుంటే రేటు ఎక్కువ. రేపు రోమ్. ఇప్పుడు హాస్టల్ కిచెన్‌లో అమ్మ కట్టిచ్చిన కందిపొడి పాస్తా మీద చల్లుకుని తింటున్నా, ఇటలీ వాళ్ళెవరూ చూడకపోతే చాలు 😄