మెడ మీది నలుపు

తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదు. దర్శనం టికెట్లు దొరికిన ప్రతివాళ్ళూ ముందురోజు రాత్రి కొర్లగుంటలో మా ఇంట్లోనే దిగుతారు. వచ్చిన ఆడవాళ్ళలో ఒక్కరైనా అన్నం తిన్నాక హ్యాండ్‌బ్యాగులోంచి నెలసరి వాయిదా వేసే మాత్ర తీసి వేసుకునేవాళ్ళు. నాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. మూడు నెలలకోసారి, ఒక్కోసారి ఐదు నెలలకు గానీ నాకు నెలసరి వచ్చేది కాదు. "నీకేం మే, ఎప్పుడంటే అప్పుడు కొండెక్కచ్చు" అనేది మదనపల్లె పెదమ్మ. 23 ఏళ్ళొచ్చేదాకా నేనూ అది అదృష్టమనే అనుకున్నాను. పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనే హార్మోన్ల జబ్బని అప్పటికి తెలీదు.

అమ్మ దిగులంతా నా మెడ గురించి. జడ కింద, మసి పూసినట్టు నల్లగా ఉండేది. ఆదివారం తలంటు పోసేటప్పుడు సున్నిపిండిలో నిమ్మరసం కలిపి, అదీ చాలక బీరపీచుతో రుద్దేది. "సరిగ్గా రుద్దుకోవు, మట్టి పేరుకుపోయింది" అని పైగా తిట్లు. చర్మం మండేది గానీ నలుపు కదిలేది కాదు. వేలితో తడిమితే మఖమల్ గుడ్డలా మందంగా తగిలేది. గడ్డం కింద మొలిచే వెంట్రుకల సంగతి మాత్రం నేను అమ్మకు కూడా చెప్పలేదు. రెండు వారాలకోసారి పార్లర్‌కు వెళ్ళి తీయించుకునేదాన్ని.

సంబంధాలు చూడ్డం మొదలుపెట్టాక, నెలసరి సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. స్కాన్ తీసి "గర్భసంచిలో నీటి బుడగలు, బరువు తగ్గమ్మా" అని 21 మాత్రల షీట్లు మూడు రాశారు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాం. మాత్రలు వాడిన మూడు నెలలూ గడియారం పెట్టినట్టు వచ్చింది. ఆపగానే మళ్ళీ మామూలే. అమ్మ ఆ ఫైలును బీరువాలో పట్టుచీరల అడుగున దాచింది. సంబంధాలవాళ్ళకు తెలిస్తే పిల్లలు పుట్టరంటారని.

ఏడాది తర్వాత హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఫైలు ముట్టుకోకముందే నా జడ పక్కకు జరిపి మెడ చూసింది. "ఇదెప్పటినుంచి ఉంది?" అంది. "మట్టి మేడమ్, రుద్దుకోదు" అంది అమ్మ. డాక్టరు నవ్వలేదు. అది మట్టి కాదని, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే మెడ దగ్గర, చంకల్లో చర్మం అలా మందమై నల్లబడుతుందని చెప్పింది. అమ్మ చెయ్యి దానంతటదే నా మెడ మీదికొచ్చింది. అన్నేళ్ళూ బీరపీచు పట్టిన చెయ్యి.

ఆ రోజు నాకర్థమైంది ఇది. పీసీఓఎస్ ఉన్న నాలాంటివాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ చెప్పిన మాట కండరాలు సరిగ్గా వినవు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైంది వెళ్ళి అండాశయాలను పొడిచి మగ హార్మోన్లు ఎక్కువ తయారు చేయిస్తుంది. గడ్డం కింద వెంట్రుకలు అందుకే. బుడగలు ఉన్నది గర్భసంచిలో కాదు, అండాశయాల్లో. నిజానికి అవి బుడగలు కూడా కావు, సగం ఎదిగి ఆగిపోయిన అండాల సంచులు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు నిండా జనం ఉండి గేటు తెరవకపోతే ఎలా ఉంటుందో అలా అనుకున్నాను. అండం విడుదల కాకపోతే నెలసరి రాదు. రాని నెలల్లో గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే క్యాన్సర్‌కు దారితీయొచ్చు. కనీసం మూడు నెలలకోసారైనా రావాలనేది అందుకే. మొదటి డాక్టరు రాసిన మాత్రలు తప్పు మందు కావు, ఆ పొరను కాపాడేవే. ఎందుకు వాడుతున్నామో చెప్పకపోవడమే నాకిప్పటికీ కోపం.

స్కాన్ ఒక్కటి చూసి ఈ జబ్బని తేల్చరట. 2003లో రోటర్‌డామ్‌లో డాక్టర్లు పెట్టుకున్న లెక్క ప్రకారం నెలసరి తేడా, మగ హార్మోన్ల లక్షణాలు, స్కాన్‌లో ఆ సంచులు, ఈ మూడింట్లో రెండు ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు చేసి అవి కారణం కాదని కూడా తేల్చుకోవాలి. నాకవి మామూలుగానే వచ్చాయి. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు షుగరు మాత్రం 152. షుగరు జబ్బు గడప మీదున్నానన్నమాట.

మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర, 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. మొదటి వారం కడుపులో జరిగింది చెప్పలేను. లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటో ఆపించి, ముఖపరిచయమే ఉన్న ఒకరింటి తలుపు కొట్టానని మాత్రం చెప్తాను. అన్నం తిన్న వెంటనే వేసుకోవడం మొదలుపెట్టాక సర్దుకుంది.

తిండి దగ్గర మా అవ్వతోనే పేచీ. "సంగటి తింటే ఏ రోగమూ రాదు" అంటుంది. మా ఇంటి సంగటిలో రాగిపిండి ఎంతో బియ్యపు నూకలు అంత, ముద్దేమో కొబ్బరికాయంత. సంగటి మానలేదు, ముద్దను నిమ్మకాయకు కాస్త పెద్దగా చేశాను. పక్కన పితుకుపప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాను. సాయంత్రం ఆఫీసులో బజ్జీల బదులు శనగ గుగ్గిళ్ళు. శనివారాలు అలిపిరి మెట్లు. 3550 మెట్లంటారు గానీ మొదటిసారి నేను మూడొందలకే కూలబడి వెనక్కొచ్చేశాను. మిగతా రోజులు అరగంట నడక. బరువులో వందకు ఐదు వంతులు తగ్గినా మార్పు కనిపిస్తుందంది డాక్టరు. 74 కిలోలున్నదాన్ని ఎనిమిది నెలలకు 69కి వచ్చాను. బరువొక్కటే కారణమని అనుకోవద్దు, సన్నగా పుల్లలా ఉండే మా పిన్ని కూతురికీ ఇదే జబ్బు.

పిల్లల సంగతి అమ్మే అడిగింది, గొంతు తగ్గించి. అండాలు లేకపోవడం కాదని, విడుదల కావడం లేదని, అవసరమైతే దానికీ మాత్రలున్నాయని చెప్పారు. ఆ రాత్రి ఫైలు పట్టుచీరల కింద నుంచి బయటికొచ్చి ఫ్రిజ్ మీదికెక్కింది. మెడ నలుపు పలచబడింది, పోలేదు. పార్లర్‌కు ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాను.

తొమ్మిదో నెలలో పెదమ్మ మా అందరికీ 300 రూపాయల దర్శనం టికెట్లు తీసింది. బయల్దేరే రోజు తెల్లవారుజామున, సరిగ్గా 32వ రోజు, నాకు నెలసరి వచ్చింది. మా ఇళ్ళల్లో ఇక కొండెక్కడం లేనట్టే. "ఈరోజే రావాల్నా మే!" అని పెదమ్మ తల పట్టుకుంది. అమ్మ మాత్రం "రానీలే అక్కా" అంటూ వంటింట్లో టీటీడీ క్యాలెండరు ముందుకెళ్ళి ఎర్ర పెన్ను కోసం వెతకడం మొదలుపెట్టింది. టికెట్టు ఇంకొకళ్ళ పేరుకు మార్చడం కుదరదు. ఆ 300 సంగతి పెదమ్మ ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటుంది.