తొలి విడత గుడ్లు కూరకే

కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట చిన్న గుడ్డు పెట్టిందని చాలామంది మర్నాటి నుంచే తవుడు రెట్టింపు చేస్తారు. తవుడు దండగ. నాటుపెట్ట 6, 7 నెలలకి గుడ్లకొస్తుంది, ఫారం కోడి 18–20 వారాలకి. ఫారం కోడి తొలిగుడ్డు 40–45 గ్రాములు తూగుతుంది, 30 వారాలు దాటేసరికి 55కి పైన పడుతుంది.

గుడ్డు సైజుని తేల్చేది పచ్చసొన. కాలేయంలో తయారైన కొవ్వు నెత్తురులో కలిసి అండాశయానికి చేరి, 8–10 రోజుల్లో సొనని పెంచుతుంది. లేత పెట్టలో ఎక్కువ సొనలు ఒకేసారి ఎదుగుతాయి, వచ్చే సరుకేమో తక్కువ. అందుకే అన్నీ చిన్నవే. సొన చిన్నదైతే చుట్టూ తెల్లసొన కూడా తక్కువే. ఒక్కోరోజు రెండు సొనలు కలిసి జారి జంటసొన గుడ్డు వస్తుంది, ఒక్కోరోజు సొనే లేని బుల్లిగుడ్డు. ఈ వయసులో రెండూ మామూలే. లేత పెట్ట గుడ్డుకి పెంకు మాత్రం గట్టిగా ఉంటుంది, ముదురు పెట్టకే పలచన.

రెండు మూడు నెలలైనా సైజు పెరగలేదంటే అప్పుడు మేత చూడాలి. మన నెల్లూరు పక్క నూకలు, తవుడుతోనే పెంచేస్తారు. నూకల్లో మాంసకృత్తులు 8 శాతం, తవుడులో 12–13. గుడ్లు పెట్టే పెట్టకి 16 దాకా కావాలి. రేవుల్లో దొరికే ఎండు రొయ్యపొట్టు కిలో మేతకి 50 గ్రాములు కలపండి. ఉప్పేసి ఎండబెట్టిందైతే కడిగి ఆరబెట్టాలి, లేదంటే రెట్ట నీళ్లగా పడుతుంది. మోతాదు మించితే గుడ్డు నీచు కొడుతుంది.

పెంకు కోసం ఆల్చిప్పల్ని జొన్నగింజంత నలగ్గొట్టి విడిగా గిన్నెలో పెట్టండి, కావలసింది పెట్టే తింటుంది. గుడ్లకి రాకముందే మేతలో కలిపి పెట్టొద్దు, మూత్రపిండాలు పాడవుతాయి. వెనకపక్క రెండు ఎముకల మధ్య రెండు వేళ్లు పడుతున్నాయంటే గుడ్లకొచ్చినట్టే.

రోహిణీ కార్తెలో ముదురు పెట్ట గుడ్డూ చిన్నబోతుంది, ఎండకి మేత ముట్టదు గనక. మేత తెల్లారుజామున, పొద్దువాలాక వేసి, నీళ్లకుండ నీడలో ఉంచాలి.

ఇక పొదగేసే సంగతి. పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండొంతులు. చిన్న గుడ్డులోంచి వచ్చిన పిల్ల చిన్నదే, తల్లి వెంట తిరగలేక వెనకబడుతుంది. తొలి విడత పది పన్నెండూ కూరకి వాడుకుని, రెండో విడతలో పెద్దవి ఏరి గంప కింద పెట్టండి.