బొబ్బిలి కోట నుంచి తప్పించుకొచ్చిన తాత

మా వైపు ఏ ఇంట్లో అడిగినా ఒకటే మాట, "మా తాతలు బొబ్బిలి యుద్ధంలో కోట నుంచి తప్పించుకొచ్చారు" అని. ఆ యుద్ధం 1757 జనవరిలో జరిగింది. మా వంశవృక్షంలో అలా తప్పించుకొచ్చిన తాతకి మనవడని రాసినాయన, 1860ల నాటి ఇనాం (మాన్యంగా ఇచ్చిన భూముల) రిజిస్టరులో ముప్పై ఏళ్లవాడు! 1757లో కత్తి పట్టినవాడికి 1830 ప్రాంతంలో మనవడు పుట్టాడంటే ఇద్దరికీ మధ్య తొంభై ఏళ్ల తేడా, జరగదని కాదు గానీ నాకైతే మధ్యలో ఓ తరం ఎగిరిపోయిందనే అనుమానం. అసలు తమాషా ఏంటంటే, ఇనాం ఇచ్చింది విజయనగరం రాజులట, అంటే ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలిని ముట్టడించినవాళ్లే. ఇది చెప్తే పెదనాన్న, "రిజిస్టరు రాసినోడికేం తెలుసురా" అనేశారు. ఇక ఆ ఇనాం అసలు సనదు (దానపత్రం) నకలు దొరుకుతుందేమో చూడాలి.