కుక్కకి పెట్టి చూడమన్నారు: మా పెరటి పుట్టగొడుగుల కథ

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే. ఈ వానలకి పెరట్లో పెంటకుప్ప పక్కన పెద్ద పెద్ద తెల్ల గొడుగులు గుండ్రంగా వలయం కట్టినట్టు లేచాయి. పైన అక్కడక్కడా గోధుమరంగు పొలుసులు, కాడకి మధ్యలో ఉంగరంలా ఒక పట్టీ. పనమ్మాయి కూర వండేద్దామంది. అత్తయ్య మాత్రం ‘పుట్ట మీద లేచినవి కావు, తినకండి’ అని తేల్చేశారు. మా ఆయన పీకి పారెయ్యమన్నారు. పీకితే మాత్రం ఆగుతాయా? అసలుది మట్టిలో దారాల్లా అల్లుకుని ఉంటుంది, వాన పడితే మళ్ళీ లేస్తాయి. పెరట్లో మనవడు పాకుతూ కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. అందుకే అవేమిటో తెలుసుకోవాలనుకున్నాను.

ఫోన్‌లో యాప్ పెట్టి ఫొటో తీశాను. మూడు పేర్లు చెప్పింది. ఒకటి తినేది, ఒకటి విషం. దాన్ని అక్కడితో వదిలేశాను.

వ్యవసాయం చూసే ఒక ఆఫీసులో అడిగితే చెబుతారని ఎవరో అంటే, న్యూస్ పేపర్లో రెండు చుట్టుకుని వెళ్ళాను. గుమాస్తా తలెత్తకుండానే ‘పాళ ఛతు ట్రైనింగా?’ అన్నాడు. పాళ ఛతు అంటే ఇక్కడ వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగు. కాదు బాబూ, ఇవేమిటో చెప్పండి అంటే దరఖాస్తు రాసి తెమ్మన్నాడు, అదీ ఒడియాలో. నాకు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. బయట జిరాక్స్ షాపు కుర్రాడి చేత రాయించుకుని వచ్చేసరికి ప్యూన్ నా పొట్లాన్ని, వాసన వస్తోందని, పాలిథిన్ కవర్లో కుక్కి మూలన పడేశాడు. సారు గదిలోకి పిలుపు వచ్చేటప్పటికి కవర్ నిండా చెమట పట్టి అవి ముద్దయిపోయాయి.

సారు ఆ కవర్ పెన్నుతో ఎత్తి చూసి, ముక్కు మూసుకుని, ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళందరి ముందూ అన్నమాట ఇది: ‘వండి వీధి కుక్కకి పెట్టండి మేడమ్. గంటలో దానికేం కాకపోతే మీరూ తినొచ్చు.’ గదంతా నవ్వులు. తినడానికి కాదండీ, ఏమిటో తెలిస్తే చాలన్నాను. ‘తిననప్పుడు పేరెందుకు?’ అన్నాడు. మళ్ళీ నవ్వులు. నా వయసు చూసి అయినా కుర్చీ చూపించలేదు.

అడవి పుట్టగొడుగుల్ని గుర్తుపట్టడం వాళ్ళ ఉద్యోగం కాదు, ఒప్పుకుంటాను. ‘మాకు తెలియదమ్మా’ అంటే నమస్కారం పెట్టి వచ్చేదాన్ని. కానీ ఆ కుక్క సలహా ప్రాణాలు తీసేది. అమానిటా అనే పుట్టగొడుగుల జాతిలోని ప్రాణాంతకమైన రకాలు తింటే మొదటి ఆరు గంటలూ సాధారణంగా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. మధ్యలో తగ్గినట్టే ఉంటుంది, ఈలోగా లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. గంటలో కుక్క తోకాడిస్తూనే ఉంటుంది, మనం కూర కలుపుకుంటాం! వెండి చెంచా నల్లబడితేనే విషమనడం, పురుగు తింటే మంచిదనడం, బాగా ఉడికిస్తే విషం పోతుందనడం కూడా ఇలాంటివే. అమానిటా విషం ఉడికినా పోదు.

ఇంటికొచ్చే దారిలో సంతలో కొండ నుంచి పుట్టగొడుగులు తెచ్చి అమ్మే సవర ఆమెకి ఫొటో చూపించాను. ‘ఇవి మేం కొయ్యం’ అని తన బుట్ట సర్దుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది, డిగ్రీలో నాది బోటనీ అని. ఫస్ట్ క్లాసు, ఆ గదిలో నవ్వినవాళ్ళలో ఎందరికి వచ్చిందో మరి. బాగా విచ్చుకున్న గొడుగు ఒకటి తెచ్చి కాడ కోసేసి, గొడుగు అడుగున ఉండే సన్నని మడతలు కిందికి ఉండేలా కాగితం మీద పెట్టాను. కాగితం సగం తెలుపు, సగం నలుపు ఉండాలి. మడతల్లోంచి రాలే సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి పొడి, తెల్లగా ఉంటే తెల్ల కాగితం మీద కనిపించవు. పైన స్టీలు గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేశాను. పొద్దున్న తీస్తే కాగితం మీద ఆకుపచ్చ పొడి! ఇంత పెద్ద గొడుగుకి మడతల నుంచి ఆకుపచ్చ పొడి రాలడం చాలా అరుదు. పొలుసులు, కాడ మీద పైకీ కిందికీ జరిగే పట్టీ, వలయంగా లేవడం అన్నీ సరిపోయాయి. పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. తింటే సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలై మనిషిని పిండేస్తాయి. లేతప్పుడు దీని మడతలు తెల్లగానే ఉంటాయి, ముదిరాకే పచ్చబడతాయి. లేతవి కోసుకునేవాళ్ళు మోసపోయేది అందుకే.

ఇలా కాగితం మీద రాలిన పొడి అచ్చుని స్పోర్ ప్రింట్ అంటారు. అదొక్కటే చూసి తినేదీ కానిదీ తేల్చెయ్యకండి, మిగతా ఆనవాళ్ళూ చూడాలి. పాళ ఛతుకీ అమానిటాకీ రెండింటికీ కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది. రాలే పొడి మొదటిదానికి గులాబీ, రెండోదానికి తెలుపు. ఆ తొడుగు మట్టిలో ఉండిపోతుంది కాబట్టి చూడాలంటే మొదలంటా తవ్వి తియ్యాలి, పైపైన తుంచకూడదు. పొట్లం కాగితంలోనే కట్టాలి. పాలిథిన్ కవర్లో వేస్తే ఏమవుతుందో ఆ ప్యూన్‌ని అడగండి.

ఎవరైనా తినేసి ఉంటే మాత్రం ఏ ప్రింటూ పెట్టుక్కూర్చోకుండా మిగిలిన ముక్క పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. ఎప్పుడు తిన్నారో, బాధ ఎప్పుడు మొదలైందో డాక్టరుకి చెప్పండి. ఆలస్యంగా మొదలైన వాంతులే ఎక్కువ భయపడాల్సినవి.

మా పెరట్లో అవి ఇంకా లేస్తూనే ఉన్నాయి. ముట్టుకుంటే ఏమీ కాదు, నోట్లోకి వెళ్తేనే ప్రమాదం. పొద్దున్నే మనవడు లేవకముందే ఏరి గోతిలో పాతేస్తున్నాను. పెంటకుప్పని గోడ అవతలికి మార్పించమని మా ఆయన వెంట పడుతున్నాను, ఆయన వాన తగ్గనీ అంటున్నారు.